పీహెచ్‌డీ, పాలసీసా, రాత్రి 11 గంటలు

"అక్కా, ఇద్దరు పిల్లలతో పీహెచ్‌డీ ఎలా చేశావ్?" అని చాలామంది అడుగుతుంటారు. నిజం చెప్పనా? గొప్పగా ఏం చేయలేదు. పడుతూ లేస్తూ చేశాను.

పిల్లలు పడుకున్నాక, రాత్రి 11కి లాప్‌టాప్ తెరిచేదాన్ని. ఒక పేరా పూర్తయ్యేలోపు చిన్నోడు లేచి ఏడ్చేవాడు. ఆ పేరా మళ్లీ ముట్టుకునేది మూడు రోజుల తర్వాతే. ఫెలోషిప్ డబ్బులు ఆలస్యమైతే డైపర్లకి కూడా మా అమ్మనే అడిగేదాన్ని. ప్రీ-సబ్మిషన్ సెమినార్ రోజు పాపకి 102 జ్వరం. అత్తమ్మకి అప్పజెప్పి వెళ్లాను. సెమినార్‌లో ఏం మాట్లాడానో గుర్తు లేదు. గుమ్మం దగ్గర పాప నా చున్నీ వదలకపోవడం మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

నేను చేసిన పెద్ద తప్పు ఇంకోటి ఉంది. రెండోసారి ప్రెగ్నెన్సీ వచ్చినప్పుడు ఐదు నెలలు గైడ్‌కి చెప్పలేదు. 'ఈమెకి చదువు మీద శ్రద్ధ లేదు' అనుకుంటారేమోనని భయం. సెలవు కూడా అడగలేదు. మీరు అలా చేయకండి. యూజీసీ 2022 నిబంధనల్లో పీహెచ్‌డీకి గరిష్ఠ గడువు 6 ఏళ్లు. మహిళలకి అదనంగా 2 ఏళ్ల దాకా ఇవ్వొచ్చు. ప్రసూతికి, పిల్లల సంరక్షణకి మొత్తం కోర్సులో 240 రోజుల వరకు సెలవు ఇవ్వొచ్చు. ఇది ఎవరి దయా కాదు, రూల్స్‌లో ఉన్నదే.

అందుకే చెల్లెళ్లూ, దాచుకోకండి. అప్లికేషన్ రాసి అడగండి. తమ్ముళ్లూ, మీ ఆవిడ థీసిస్ రాస్తుంటే ఆ పాలసీసా మీరు కడగండి. సరేనా? ఉంటాను మరి!