పదిహేడున్నర అంటే ఎన్నింటికి?

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంజినీరును కాబట్టి పెద్ద పెద్ద కట్టడాల గురించి చెబుతానని అనుకుని ఉంటారు. నేను మాత్రం ఈ బడి నల్లబల్ల మీద చూసిన నాలుగు అంకెల గురించి చెబుతాను.

ఎనిమిదో తరగతిలో ఎన్.సి.సి.లో చేరాను. ఒకరోజు సారు బోర్డు మీద ‘పరేడ్ 1730’ అని రాశారు. చివర ఏడు కనబడింది కదా, ఏడున్నర అనుకున్నాను. ఇంట్లో అన్నం తిని, బూట్లు తుడుచుకుని వెళితే మైదానంలో కుక్క తప్ప ఎవరూ లేరు. మర్నాడు సారు కొట్టలేదు. సుద్దముక్క చేతికిచ్చి, “పదిహేడులోంచి పన్నెండు తియ్యరా” అన్నారు. అయిదు వచ్చింది. పరేడ్ సాయంత్రం అయిదున్నరకు!

ఆయన చెప్పిన లెక్క ఇంతే. మొదటి రెండంకెలు గంటలు, తర్వాతి రెండూ నిమిషాలు. నిమిషాల జోలికి పోవద్దు. 01 నుంచి 12 దాకా ఉన్నది ఉన్నట్టే. 0615 అంటే ఉదయం ఆరుంబావు, 1230 అంటే మధ్యాహ్నం పన్నెండున్నర. 13 నుంచి 23 దాకా పన్నెండు తీసెయ్యాలి. తీసివేత తడబడితే ముందు రెండు, తర్వాత పది తియ్యమనేవారు. ఇక 00తో మొదలైతే అర్ధరాత్రి పన్నెండు దాటిందని. 0030 అంటే రాత్రి పన్నెండున్నర. అమెరికాలో ఉన్న మన మిత్రులు దీన్ని మిలిటరీ టైమ్ అంటారు. మనం రైల్వే టైము అంటాం.

అప్పట్లో మన అడవి అంచు ఊళ్లలో గడియారం ఉన్న ఇళ్లు తక్కువ. కోడికూత, బారెడు పొద్దు, పశువులు మళ్లే వేళ, ఇవే మన గంటలు. కొత్తగూడెం వైపు వాళ్లకు సింగరేణి సైరను ఉండేది. మాటల్లో మనకు ఇబ్బంది లేదు. తెల్లవారుజాము, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి అని గంట ముందు ఒక మాట ఎలాగూ చేరుస్తాం. కాగితం మీద రాసేటప్పుడే ఆ మాట జారిపోతుంది.

అది ఎంత పని చేస్తుందో ఉద్యోగంలో చేరిన కొత్తలో తెలిసింది. వానాకాలం, గోదావరి ఒడ్డున వరద డ్యూటీ. అర్ధరాత్రి దాటాక నీటిమట్టం 43.8 అడుగులని కబురు వచ్చింది. ఒక చీటీ మీద ‘12.30, 43.8’ అని రాశాను. తెల్లారితేనే రోజు మారుతుందన్న మన అలవాటు కొద్దీ పైన ముందు రోజు తేదీ వేశాను. తెల్లవారుజామున నిద్రకు వెళ్లాను.

ఆరు గంటలకు మట్టం 46 అడుగులు. నా తర్వాత వచ్చిన ఇంజినీరు నా చీటీని నిన్న మధ్యాహ్నం కొలత అనుకున్నాడు. పదిహేడున్నర గంటల్లో 2.2 అడుగులు పెరిగిందంటే నిదానమే. రెండో ప్రమాద హెచ్చరిక 48 అడుగులు రావడానికి ఇంకా పదహారు గంటలు, అంటే రాత్రి పదవుతుంది. లారీలు మధ్యాహ్నం రమ్మంటే చాలనుకున్నాడు.

అప్పుడే డ్యూటీ దిగి టీ కోసం వచ్చిన గేజి చూసే ఆయన చీటీ చూసి, “నిన్న పగటిది కాదు సారూ, రాత్రి లైటు పట్టుకొని నేనే చూసి చెప్పిన” అన్నాడు. అంటే నది పెరిగింది అయిదున్నర గంటల్లో. గంటకు 0.4 అడుగు. 48కి మిగిలింది అయిదు గంటలే, పగలు పదకొండుకే. లారీలు అప్పటికప్పుడు కదిలాయి. నీళ్లు వచ్చేసరికి పల్లపు వీధుల్లో మనుషులు లేరు. ఆయన ఆ పూట టీకి రాకపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని ఈ సభలో అందరికీ తెలుసు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు చూసినవాళ్లం. అయితే అడుగులొక్కటే తెలిస్తే చాలదు. ఏ గంటకు కొలిచారో తెలియకపోతే ఎంత వేగంగా వస్తోందో తెలియదు. కొత్త తేదీ వేసి 0030 అని రాసి ఉంటే నా చీటీ ఎవరినీ మోసం చేసేది కాదు.

అందుకే పన్నెండు తీసెయ్యడం కంటే 00 దగ్గర తేదీ మారుతుందన్నది గట్టిగా గుర్తుపెట్టుకోండి. భద్రాచలం రోడ్ స్టేషన్లో గానీ, ఖమ్మంలో గానీ, మీ టికెట్టు మీద 15వ తేదీ 00.20 అని ఉంటే 14 రాత్రి భోజనం చేసి బయలుదేరాలి. 15 రాత్రి వెళితే బండి వెళ్లిపోయి ఒక రోజవుతుంది.

ఇక్కడి ఉపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటే. ఏడో తరగతి దాటేలోగా ప్రతి పిల్లవాడి చేతికీ, ప్రతి ఆడపిల్ల చేతికీ ఒకసారి ఆ సుద్దముక్క ఇవ్వండి. తప్పు రాస్తే నవ్వకండి. మా సారు నవ్వలేదు.

ఇప్పుడు సమయం 1240. భోజనాల వేళ. ఇందులోంచి ఏమీ తియ్యనక్కర్లేదు. సెలవు.