టీమ్స్ నిర్వాహకులకు చదువదగిన పాఠములు

మన కుటుంబముల బిడ్డలు కొందరు బెంగుళూరు, హోసూరు కంపెనీలలో మైక్రోసాఫ్ట్ టీమ్స్ నిర్వాహకులుగా కుదురుకొనుచున్నారు. ఈ పని అంగడి తాళపుచెవులు పట్టుట వంటిది. వెలుపలివారిని ఎంతవరకు రానీయవలెను, కొలువు వదలినవాని ఖాతా ఎప్పుడు మూయవలెను అనునది వీరి చేతిలోనిదే. పొరపాటున తొలగించిన ఖాతాను 30 దినములలోగా మరల తేవచ్చును. పిదప దానిని తెచ్చుట కుదరదు.

కావున శిక్షణకై వేలకు వేలు పోయుటకు ముందు, ఆ కంపెనీయే 2018లో తెరచిన మైక్రోసాఫ్ట్ లెర్న్ పాఠములు చదువుడని మా మనవి. అవి ఉచితము. ఉద్యోగమున చేరినవారు మెసేజ్ సెంటర్‌ను వారమున కొకమారైనను చూడవలెను. రాబోవు మార్పులు అందు ముందుగా తెలియును. అచ్చు పుస్తకములు ఆ వేగము నందుకొనజాలవు. పవర్‌షెల్ కొంత నేర్చినచో నూరు ఖాతాల పని ఒకేసారి తీరును.

పరీక్షాప్రశ్నలను ముందే అమ్మువారున్నారు. వర్తకులమగు మాకు కల్తీ సరకు వాసన తెలియును. 1000కి 700 వచ్చిన నెగ్గవచ్చును గాని, కంపెనీ కాగితములు వెలికి పొక్కిన దినమున ఆ కొన్న ప్రశ్నలు అక్కరకు రావు. యోగ్యతాపత్రమునకు ఒక్క యేడే ఆయువు. గడువులోగా పునరుద్ధరించుకొన్నచో రుసుము లేదు.

ఆంగ్లమున చదివినదానిని తెలుగున వ్రాసికొనుడు. ఆదివారము సాయంకాలములందు సంఘమునకు వచ్చినచో, అనుభవజ్ఞులగు మన యువకులు చూపెదరు. నోటు పుస్తకము తెచ్చుకొనుడు.