బాంబు కంటే ముందు పుట్టిన 24 పేజీలు

ఆపెన్‌హైమర్ సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో సైంటిస్టులు గుర్తుంటారు, మిలిటరీ జనరల్ గుర్తుంటాడు. మరి ఆ సైన్సునంతా కాగితం మీద పెట్టినవాళ్లు? ఈ రోజు వాళ్ల గురించి మాట్లాడుకుందాం.

1943 ఏప్రిల్. అమెరికాలో న్యూ మెక్సికో కొండల్లో లాస్ అలమోస్ ల్యాబ్ అప్పుడే మొదలైంది. జనరల్ గ్రోవ్స్ ఏమో ఎవరి పని వాళ్లకే తెలియాలి అంటాడు. ఆపెన్‌హైమర్ ఏమో ల్యాబ్ లోపలైనా సైంటిస్టులు ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోతే పని జరగదు అంటాడు. చివరికి రాబర్ట్ సెర్బర్ అనే ఫిజిసిస్టు కొత్తగా వచ్చినవాళ్లకి 5 లెక్చర్లు ఇచ్చాడు. ఎడ్వర్డ్ కాండన్ వాటిని నోట్సుగా రాశాడు. మొత్తం 24 పేజీలే! దాని పేరు లాస్ అలమోస్ ప్రైమర్. ఆ తర్వాత ల్యాబ్‌లో చేరిన సైంటిస్టులకి విషయం అర్థం కావడానికి ఈ నోట్సే ఆధారం. 1965 వరకు ఇది బయటివాళ్ల కంట పడలేదు.

ఇక్కడ ఒక చిన్న సంగతి. లెక్చర్లో సెర్బర్ "బాంబు" అని మామూలుగా అనేస్తున్నాడు. పక్కనే వడ్రంగులు, ఎలక్ట్రీషియన్లు పని చేస్తున్నారు, ఆ మాట వద్దని ఆపెన్‌హైమర్ కబురు పంపాడు. అప్పట్నుంచి అది "గాడ్జెట్" అయిపోయింది. రహస్యం కోసమే మార్చారు, నిజమే. కానీ ఆలోచించండి, రోజూ "గాడ్జెట్" అంటూ పని చేస్తుంటే, అది పడేది మనుషుల మీద అన్న సంగతి ఎంత దూరం జరిగిపోతుందో!

సెర్బర్ భార్య షార్లెట్ ల్యాబ్ లైబ్రరీని నడిపింది. సీక్రెట్ రిపోర్టులు ఉండే డాక్యుమెంట్ రూమ్ కూడా ఆమె బాధ్యతే. ఏ కాగితం ఎవరి చేతికి వెళ్లాలి, ఎవరికి వెళ్లకూడదు, ఇదంతా చూసుకోవాలి. ఇది కూడా కమ్యూనికేషన్ పనే కదా!

1945 ఆగస్టు 6న హిరోషిమా, 9న నాగసాకి. 12న అమెరికా ప్రభుత్వం ఒక రిపోర్టు విడుదల చేసింది. రాసింది హెన్రీ స్మైత్, ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్. తెలిస్తేనే ప్రజలు సరిగ్గా నిర్ణయించుకోగలరన్నది ఆయన వాదన. అయితే కెమిస్ట్రీ, ఇంజినీరింగ్ వివరాలు చాలావరకు సీక్రెట్. ఫిజిక్స్‌లో ఎక్కువ భాగం అప్పటికే తెలిసిందే. కాబట్టి పుస్తకం నిండా ఫిజిక్సే కనిపించింది. ఫలితం? బాంబు అంటే ఫిజిసిస్టుల ఘనత అని లోకం అనుకుంది. ప్లాంట్లలో పని చేసిన వేలమంది వెనక్కి వెళ్లిపోయారు.

చూశారా? రాసేవాడు ఏది రాశాడో అదే కాదు, ఏది వదిలేశాడో అది కూడా చరిత్రే.

హైదరాబాద్‌లో టెక్నికల్ రైటర్లుగా పని చేసేవాళ్లు మీలోనూ ఉండొచ్చు. "నేను రాస్తానంతే, తయారు చేసేది వేరేవాళ్లు" అనుకోవడం తేలిక. కానీ ఆ 24 పేజీలు అంత స్పష్టంగా లేకపోతే పని అంత త్వరగా సాగేదా? బాగా రాయడం గొప్ప నైపుణ్యమే. దేని కోసం రాస్తున్నామని అడగడం కూడా ఆ ఉద్యోగంలో భాగమే.

ఆలోచించండి. మళ్లీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే!