శాసనసభయు మన సభయు

(బిచ్కుంద యందు జరిగిన వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)

  

ఈ మహాసభా నిర్వాహకులు నన్ను విద్యనుగూర్చి మాటలాడుమని కోరిరి. బడిపంతులునకు ఆ విషయము కరతలామలకము. కాని వారి యనుమతితో ఈ దినమున వేరొక విషయము నెత్తుకొనుచున్నాను. కొంతకాలముగా మన చావడులయందును, సంతలయందును, బస్సుకొఱకు నిలుచు చోటులయందును ఒకటే మాట వినవచ్చుచున్నది. "శాసనసభ కూడినను కూడకున్నను మనకు ఒరిగిన దేమి? అచ్చట అరచుకొందురు, కాగితములు చింపుదురు, లేచిపోవుదురు" అని జనులు విసుగుకొనుచున్నారు. ఈ విసుగు న్యాయమైనదా? న్యాయమైనచో దానితో మనము చేయవలసిన పని యేమి? ఈ రెండు ప్రశ్నలే నా ప్రసంగమునకు విషయములు.

ముందుగా, విసుగునకు కారణములు లేకపోలేదు. రాజ్యాంగము 174వ అధికరణమున, ఒక సమావేశమునకును మఱియొక సమావేశమునకును నడుమ ఆఱు మాసములు దాటరాదని విధించినది. ఇది మితిమీరిన జాప్యమును నిరోధించుటకు పెట్టిన కట్టు. మన ప్రభుత్వములు దానినే కొలతగా జేసికొన్నవి. 2022 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ 6, 12, 13 తేదీలలో మూడు దినములు మాత్రమే కూడెను. కట్టు తెగలేదు, నిజమే; కాని 119 మంది సభ్యులు మూడు దినములలో ఎన్ని యూళ్ల గోడు వినిపింపగలరు?

రాష్ట్ర విభజనవంటి మహావిషయమునందే యేమి జరిగెనో స్మరింపుడు. 2013 డిసెంబరులో విభజన బిల్లు అభిప్రాయముకొఱకు నాటి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు వచ్చెను. దినములు వాయిదాలతో గడచెను. గడువు చాలక పొడిగింపు కోరవలసి వచ్చెను. సభ్యులు వేలకొలది సవరణలు వ్రాసి యిచ్చిరి. తుదకు 2014 జనవరి 30న, బిల్లును తిరస్కరించు తీర్మానము గందరగోళము నడుమ మూజువాణి ఓటుతో నెగ్గినదని ప్రకటించిరి. విభజన కోరినవారికిని తృప్తి లేదు. వలదన్నవారికిని తృప్తి లేదు. నీళ్లు, ఉద్యోగములు, ఆస్తులు ఎట్లు పంచుకొనవలెనను విచారణ మాత్రము ఉభయులకును మిగిలిపోయెను.

పొరుగున ఆంధ్రరాష్ట్రమునందు మఱియొక తీరు. 2017 నవంబరునుండి అచ్చటి ప్రతిపక్షము సభను బహిష్కరించెను. 2021 నవంబరు 19న నాటి ప్రతిపక్షనాయకుడు ముఖ్యమంత్రియైన పిదపనే తిరిగి వచ్చెదనని శపథముచేసి వెడలెను. 2024 జూన్‌లో అట్లే వచ్చెను. ఆ యెన్నికలలో 11 స్థానములతో మిగిలిన పక్షము, ప్రతిపక్ష హోదా లభింపలేదని సభకు దూరముగా నిలువజొచ్చెను. పక్షములు మారినవి, ఖాళీ కుర్చీలు మారలేదు. అనుమతి లేక 60 దినములు సభకు రాని సభ్యుని స్థానము ఖాళీయైనదని ప్రకటించుటకు 190వ అధికరణము సభకు అధికార మిచ్చుచున్నది. కాని సభ వరుసగా నాలుగు దినములకంటె నెక్కువ వాయిదాపడిన కాలము ఆ లెక్కలోనికి రాదు. అనగా సభ ఎంత తక్కువగా కూడిన, రానివానికి అంత క్షేమము! ఈ రెండు దోషములును ఒకదానికొకటి చేయూత నిచ్చుకొనుచున్నవి.

ఇవి హైదరాబాదు మాటలు, అమరావతి మాటలు, మనకేల యని కొంద ఱనవచ్చును. మున్నూరుకాపులము మనము; మన బ్రతుకు భూమితో ముడివడినది. కావున భూమి చట్టమునే ఉదాహరణముగా దీసికొందము.

2020 సెప్టెంబరు 9న భూమి హక్కుల, పట్టాదారు పాసుపుస్తకముల బిల్లు సభలో ప్రవేశించెను. 11న ఆమోదము పొందెను. ఆ సమావేశముననే గ్రామ రెవెన్యూ అధికారుల పదవులును రద్దయ్యెను. అక్టోబరు 29న ధరణి మొదలయ్యెను. రిజిస్ట్రేషనును, పేరు మార్పును ఒకే దినమున, ఒకే కచేరిలో జరుగుట మేలైన సంగతియే, దానిని కాదనరాదు. కాని పొరపాటు పడినచో దిద్దు అధికారము తహసీలుదారునకు లేకపోయెను. పైయధికారికి అప్పీలు చేసికొను త్రోవయు మూసికొనిపోయెను. పేరు తప్పినను, విస్తీర్ణము తగ్గినను, సొంత పట్టాభూమి నిషిద్ధభూముల జాబితాకెక్కినను, బీదరైతు సివిలు కోర్టు గడప త్రొక్కవలసినవా డయ్యెను. పిదప ఉత్తరువులమీద ఉత్తరువులతో కొంత సర్దుబాటు జరిగినది. చట్టమున ఉండవలసిన ద్వారమును ఉత్తరువుతో కిటికీగా తెఱచినట్లయ్యెను.

నాయొద్ద చదువుకొన్న రైతొకడు ఈ చిక్కున బడెను. అతని పాసుపుస్తకమున పది గుంటలు తగ్గిపడినవి. నాలుగు మారులు నేనే అర్జీ వ్రాసి యిచ్చితిని. అయిదవ మారు వచ్చి, "సారూ! మీ అక్షరములు ముత్యములవలె నున్నవి, చదువువారే లేరు" అని నవ్వెను. ఆ నవ్వు నేటికిని నా చెవులలో నున్నది. ఆ పది గుంటలు చట్టసభలో మూడు దినములలో ముగిసిన విచారణకు మన యూరివాడు చెల్లించిన వెల.

నాలుగేండ్ల పిదప ఆ చట్టమునకు బదులుగా భూభారతి బిల్లు వచ్చెను. 2024 డిసెంబరు 18న ప్రవేశించి 20న ఆమోదము పొందెను. మరల మూడు దినములే! ముందునాడు నమోదైన ఫార్ములా-ఈ కార్ల పందెపు కేసుపై చర్చ జరుపవలెనని ప్రతిపక్షము ఆ దినమున పట్టుపట్టెను, కాగితములు ఎగిరెను, ఆ కోలాహలములోనే మూజువాణి ఓటుతో బిల్లు నెగ్గెను. 2025 ఏప్రిల్ 14 నుండి చట్టము అమలునకు వచ్చెను. అప్పీలు త్రోవను ఇది తిరిగి తెఱచినది, సంతోషము. కాని ఏ పొరపాటువలన నాలుగేండ్లు కష్టపడితిమో ఆ పొరపాటును సభ ప్రకరణము ప్రకరణముగా విప్పి చూడవలసిన దినమది. ఆ దినము కేకలతో గడచిపోయెను. తప్పు ఏ పక్షమువారిదని నేను తీర్పు చెప్పను. ఫలము అనుభవించునది రైతు అనిమాత్రము చెప్పుదును.

మహాభారతము సభాపర్వమున ద్రౌపది కౌరవసభను అడిగినది ఒకేయొక ప్రశ్న. తన్ను తాను ముందుగా ఓడిన భర్తకు భార్యను పణము పెట్టు హక్కు కలదా యని. భీష్ముడు ధర్మము సూక్ష్మమనెను. తక్కిన పెద్దలు తలలు వంచిరి. చిన్నవాడైన వికర్ణుడొక్కడే లేచి సమాధానము చెప్పెను. ధర్మ మెఱిగియు ప్రశ్నకు ఉత్తరము చెప్పని సభ్యునకు అసత్యదోషమున సగము పాలు వచ్చునని విదురుడు హెచ్చరించెను. మౌనముగా నుండు సభయును, అరచు సభయును ఫలమున నొక్కటియే. అడిగినదానికి ఉత్తరము దొరకదు.

ఇంతవరకు మీరు తలలూచితిరి. ఇక నేను చెప్పబోవునది రుచింపకపోవచ్చును, క్షమింపుడు.

2024 ఆగస్టులో ప్రభుత్వము నూతన భూచట్టపు చిత్తుప్రతిని ప్రజల ముందుంచి అభిప్రాయములు కోరినది. ఆ రోజులలో మన సంఘ సమావేశ మొకటి జరిగినది. మనము చర్చించిన విషయము లేవి? ఊరేగింపు దారి, శాలువల సంఖ్య, వేదికమీద కూర్చుండువారి వరుస. చిత్తుప్రతి మాట ఎవరును ఎత్తలేదు. నేనును అచ్చటనే యుంటిని. చదువ నేర్చినవాడనై యుండియు నేనును దానిని తెప్పింపలేదు. విదురుడు చెప్పిన సగము పాలు నాకును గలదు.

నిరుడు ఈ సంఘపు జమాఖర్చులు చదువుటకు పట్టినది రెండు నిమిషములు. చప్పట్లతో ఆమోదించితిమి, అది మన మూజువాణి ఓటు! వసతిగృహమునకై దాత లిచ్చిన ద్రవ్య మెంత, ఖర్చయిన దెంత యని వెనుకవరుస యువకు డొకడు అడుగబోగా, పెద్దల యెదుట ప్రశ్నయా యని కూర్చుండబెట్టితిమి. ఆతడు మన వికర్ణుడు. ద్రవ్యము పోయినదని నే ననుట లేదు. కార్యదర్శులు నిజాయితీపరు లనియే నా నమ్మకము. కాని ప్రశ్నను అణచు అలవాటు చావడిలో పుట్టి శాసనసభకు ఎక్కుచున్నది. అచ్చటికి పోవు సభ్యులు ఆకాశమునుండి ఊడిపడినవారు కారు. మనవంటి సభలలో పెరిగినవారే. పదియవ శతాబ్దమున పరాంతకచోళుని నాటి ఉత్తరమేరూరు శాసనమున, గ్రామసభలో పనిచేసి లెక్క అప్పగింపనివాడు మరల ఎన్నికకు అర్హుడు కాడని చెక్కించిరి. వేయేండ్ల క్రిందటి పల్లె పెట్టుకొన్న నియమమును మనము పెట్టుకొనలేమా?

మఱియొక హెచ్చరిక. విసుగు ముదిరి, ఈ సభలే వలదను మాట కొందఱి నోట వచ్చుచున్నది. ఇది ప్రమాదము. సభ పని మానినంత మాత్రమున దాని అధికారము మాయము కాదు, చేతులు మారును. ఆర్డినెన్సుల చేతికి, ఉత్తరువుల చేతికి, కచేరీ బల్లల చేతికి పోవును. ఈ సీమ 1948 వఱకు నిజాము పాలనలో నుండెను; ఫర్మానా వచ్చిన తరువాత అడుగుట కెవరికిని తావు లేదు. 1952 ఎన్నికలలో మన తాతతండ్రులు తొలిసారి వయోజన ఓటుతో హైదరాబాదు శాసనసభను ఎన్నుకొనిరి. వారు కష్టపడి తెచ్చిన ఇల్లు కురియుచున్నదని కప్పు నేయవలెను గాని, ఇంటికి నిప్పు పెట్టరాదు.

కావున నా విన్నపములు మూడు. మొదటిది, మన చదువుకొన్న యువకులు ఇద్దఱు ప్రతి సమావేశము ముగియగానే ఒక పత్రము సిద్ధము చేయవలెను. సభ ఎన్ని దినములు కూడెను, ఏ బిల్లులు ఎంత చర్చతో నెగ్గెను, మన జుక్కల్ నియోజకవర్గము పక్షమున ఏ ప్రశ్నలు వేయబడెను అను సంగతులు అందుండవలెను. దశాబ్దములుగా సాగుచున్న లెండి ప్రాజెక్టు సంగతి ఎవ రడిగిరి, ఏమి ఉత్తరము వచ్చెను అనునది చావడిలో చదువబడవలెను. ఓటడుగ వచ్చువారి చేతికి, ఏ పక్షమువారైనను, ఆ పత్రమే ఈయవలెను. రెండవది, చిత్తుచట్టము వెలువడినపుడు దానిని ఊరిలో బిగ్గరగా చదివి, గడువులోపల అభిప్రాయము వ్రాసి పంపవలెను. వ్రాయు పని నాది. మూడవది, వచ్చే యేటినుండి ఈ మహాసభలో జమాఖర్చులు అచ్చువేసి పంచి, సన్మానములకు ముందుగా అరగంట ప్రశ్నోత్తరములకు కేటాయింపవలెను. దాతలు ఈ మూడవదానికి పట్టుపట్టినచో నిర్వాహకులు కాదనరు.

ఈ మూడవ విన్నపమును ఈ దినముననే తీర్మానముగా నెగ్గింపుమని అధ్యక్షులవారిని ప్రార్థించుచున్నాను. చప్పట్లతో మాత్రము వలదు; చేతులెత్తించి లెక్కింపుడు. కాదనువారు కొంద ఱుండిన వారి మాట వినుడు.