కోఠీ స్తంభాలు, కోవెలకుంట్ల భూములు

నంద్యాల పెద్దలకు, ఉలి పక్కనపెట్టి ఆళ్లగడ్డ నుంచి వచ్చిన శిల్పులకు నమస్కారం.

తెర మీది బొమ్మ చూసి ముందు వరసలో ఎవరో వైట్‌హౌస్ అన్నారు. అందరూ అలాగే అనుకుంటారు. ఇది హైదరాబాదు కోఠీ. 1803లో కట్టడం మొదలుపెట్టిన బ్రిటిష్ రెసిడెన్సీ. రాతిమెట్లు, అటూఇటూ సింహాలు, ఆరు కొరింథియన్ స్తంభాలు, పైన ముక్కోణపు నుదురు, అందులో ఈస్టిండియా కంపెనీ ముద్ర. రోమన్ గుడి ముఖాన్ని సర్కారు కచేరీకి తగిలించడం ఆ కాలపు మోజు. అమెరికాలో వర్జీనియా శాసనసభ భవనానికి జెఫర్సన్ పెట్టుకున్న నమూనా కూడా ఫ్రాన్సులోని ఒక రోమన్ గుడే. అక్కడ రాజు వద్దనుకున్నవాళ్లు కట్టుకున్నారు. ఇక్కడ రాజు పక్కన చేరి రాజ్యం నడిపించే వ్యాపారులకు కట్టారు.

నంద్యాలలో ఈ కథ చెప్పడానికి కారణం ఉంది. దీన్ని కట్టించింది నిజాం దర్బారులో కంపెనీ ప్రతినిధి, అంటే రెసిడెంటు, జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్. 1800 అక్టోబరు 12న నిజాంతో ఒప్పందం కుదిర్చిందీ ఆయనే. కంపెనీ సైన్యం ఖర్చు కింద నిజాం వదులుకున్న సీమలో మన కోవెలకుంట్ల ఉంది. నంద్యాల మాత్రం 1839 దాకా కర్నూలు నవాబు కిందే ఉండింది. నిజాం దగ్గర రాయించుకున్నదానికి ‘దత్తం’ అని పేరు! ఆ ‘దత్త మండలాల’ పేరు వద్దని, ‘రాయలసీమ’ అనమని చిలుకూరి నారాయణరావు గారు 1928లో చెప్పింది ఈ ఊళ్లోనే.

భూమి ఇచ్చిన నిజామే భవనానికీ డబ్బిచ్చాడు. దాని మీద ఒక కథ ఉంది. కర్క్‌పాట్రిక్ పెద్ద కాగితం మీద ప్లాను గీయించి చూపిస్తే నిజాం కుదరదన్నాడట. కాగితం చూసి అంత నేల అడుగుతున్నాడని భయపడ్డాడని దర్బారువాళ్లు చెప్పారు. అదే ప్లాను అరచేతిలో పట్టేంత చీటీ మీద గీసి తెస్తే సరేనన్నాడట. జరిగిందో లేదో గానీ, రాతకోతల్లో కంపెనీవాళ్ల నేర్పు తెలిసిన దత్త మండలాల వాళ్లకు ఇది నమ్మబుద్ధేస్తుంది.

శిల్పులకు ఒక మాట. ఆ స్తంభాల తలల మీద ఆకులు చూడండి. అది మధ్యధరా తీరపు ముళ్లమొక్క ఆకు, అకాంథస్. మన బోదెల మీద పద్మపు రేకు ఉండేచోట అక్కడ ఆ ఆకు ఉంటుంది. మీరైతే రాయిని తొలిచి ఆకు తీస్తారు. అక్కడ మేస్త్రి సున్నపు గచ్చును ఆరకముందే కరణెతో తీర్చాలి. తప్పు పోతే గీకి మళ్లీ పుయ్యొచ్చు. మీకు ఆ వెసులుబాటు లేదు. నక్షా ఇంజనీరు శామ్యూల్ రసెల్‌దని పుస్తకాల్లో ఉంది. ఆకులు తీర్చిన చేతుల పేర్లు లేవు.

గచ్చుకు శత్రువు నీళ్లు. పైకప్పు కారితే తడి గోడలోకి దిగి, పూత పొట్టులా లేస్తుంది. సిమెంటు పూస్తే తడి బయటికి రాలేక లోపలే మగ్గుతుంది. అందుకే సున్నపు పనిని సున్నంతోనే బాగుచెయ్యాలి. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దీన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో పెట్టింది. మరమ్మతు ముగిసి తలుపులు తెరిచేసరికి 2023 వచ్చింది. 1857 తిరుగుబాటులో తుర్రెబాజ్ ఖాన్ మనుషులు దాడి చేసిన ఆ ఆవరణలో ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరు మీద మహిళా విశ్వవిద్యాలయం నడుస్తోంది.

తర్వాతి బొమ్మ మెట్ల దగ్గరి సింహాలది. వీటి జూలు పనితనం ఎలా ఉందో ఆళ్లగడ్డవాళ్లే చెప్పాలి.