విషం మోసే బంగారు కప్ప



వాన పడితే చాలు, చెరువు గట్టున కప్పలు బెకబెకమంటాయి. ఒక్కోసారి ఇంట్లోకీ గెంతుతాయి. ఎవరూ భయపడరు. చీపురుతో బయటికి తోసేస్తారు, అంతే. కాని ఈ రోజు చెప్పుకునే కప్ప వేరు. దాన్ని తాకిన చీపురును కూడా ముట్టుకోకూడదు.

దాని పేరు బంగారు విషకప్ప. అది మన దేశంలో లేదు. సముద్రాల అవతల, దక్షిణ అమెరికాలో కొలంబియా అనే దేశం ఉంది. ఆ దేశానికి పడమట పసిఫిక్ మహాసముద్రం. ఆ తీరం వెంట దట్టమైన అడవులు. అక్కడ వాన అంటే వానే! తెలుగు నేల మీద ఏడాదికి సుమారు ఒక మీటరు వాన పడుతుంది. అక్కడ 5 మీటర్లు దాటుతుంది. ఆ నీరంతా ఇంకకుండా నిలిస్తే పెంకుటిల్లు మునిగిపోతుంది. అలాంటి తడి అడవిలో, రాలిన ఆకుల మధ్య ఈ కప్ప బతుకుతుంది.

చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ఎక్కువగా పసుపు రంగు. కొన్ని నారింజ రంగువి, కొన్ని లేత ఆకుపచ్చవి. పొడవు 5 సెంటీమీటర్లకు అటూ ఇటూ. అంటే బొటనవేలంత. పట్టపగలే తిరుగుతుంది. దాక్కోదు. ఎందుకు దాక్కోవాలి? చర్మం నిండా విషమేనాయె! "నా జోలికి రావద్దు" అని ఆ రంగే చెబుతుంది.

ఒక కప్ప ఒంట్లోని విషం సుమారు ఒక మిల్లీగ్రాము. ఉప్పు రవ్వంత. పదిమందిని చంపడానికి అది చాలునని శాస్త్రజ్ఞుల అంచనా. ఈ కప్ప పాములా కాటు వెయ్యదు. కాని దాని చర్మం మీది విషం రక్తంలో కలిసిందా, గుండె ఆగిపోతుంది. పాము కాటుకు ఆసుపత్రిలో సూది మందు ఉంది. దీనికి విరుగుడే లేదు.

ఆ అడవిలో ఎంబెరా అనే ఆదివాసులు ఉన్నారు. వేటకు వాళ్ళు పొడవైన గొట్టంలో సన్నని పుల్లబాణం పెట్టి ఊదేవారు. బాణం మొనను ఈ కప్ప వీపు మీద రుద్దేవారు. కప్పను చంపేవారు కారు. చేతికి తగలకుండా ఆకులతో పట్టుకుని, పని కాగానే వదిలేసేవారు. ఆ బాణానికి ఏడాది దాకా విషం పోదు. తుపాకులు వచ్చాక ఈ వేట తగ్గిపోయింది.

ఎంబెరాలకు ఎప్పటినుంచో తెలిసిన ఈ కప్పకు శాస్త్రజ్ఞులు 1978లో పేరు పెట్టారు. 'భయంకరమైనది' అని ఆ పేరుకు అర్థం. పరిశోధన చేసేటప్పుడు కప్పలకు తగిలిన చెత్తను బయట పారేశారు. దాన్ని తాకి ఒక కోడి, ఒక కుక్క చచ్చిపోయాయి.

ఇప్పుడు అసలు సంగతి వినండి. ఈ విషం కప్ప సొంతం కాదు! అడవి నుంచి తెచ్చి పెంచిన కప్పలకు పిల్లలు పుట్టాయి. వాటికి ఈగలు, చిమ్మెటలు మేతగా పెట్టారు. అవి పెద్దవయ్యాయి. అదే రంగు, అదే రూపు. విషం మాత్రం లేదు! అంటే ఆ విషం అడవిలో తినే తిండి నుంచి వస్తోందన్నమాట. ఇంకో ఆధారమూ ఉంది. న్యూగినీ అనే దీవిలో కొన్ని పక్షుల చర్మంలో, ఈకల్లో ఇలాంటి విషమే ఉంది. ఆ దీవిలోని చిన్న పెంకుపురుగుల్లో కూడా ఆ విషం ఉందని 2004లో తేలింది. ఆ పక్షులు ఆ పురుగులను తింటాయి.

ఈ కప్పల ఇంట్లో పిల్లల చాకిరీ తండ్రిది. అవును, తండ్రిదే! తల్లి ఆకుల మధ్య ఇరవై లోపు గుడ్లు పెడుతుంది. మన చెరువు కప్పలు వేలకు వేలు పెడతాయి. ఇక్కడ ఆ కాసిని గుడ్లనే తండ్రి కనిపెట్టుకుని ఉంటాడు. తోకపిల్లలు బయటికి రాగానే వీపు మీద ఎక్కించుకుంటాడు. మోసుకుపోయి నీళ్ళలో వదులుతాడు. నీడ, తడి, రాలిన ఆకులు లేకపోతే ఈ సంసారం సాగదు.

ఆ నీడే తగ్గిపోతోంది. ఈ కప్పలు ఉండేదే కొద్దిపాటి చోటులో. అక్కడ కోకా తోటల కోసం అడవి కొడుతున్నారు. బంగారం కోసం తవ్వుతున్నారు. పైగా దొంగ వ్యాపారం ఒకటి! రంగు బాగుందని దూరదేశాల వాళ్ళు గాజు పెట్టెల్లో పెంచుకుంటారు. వాళ్ళకు అమ్మడానికి అడవిలో కప్పలను పట్టి దాటిస్తారు. దారిలో చచ్చేవి చస్తాయి. అందుకే ఇది అంతరించే ముప్పున్న జంతువుల జాబితాలోకి ఎక్కింది.

కొలంబియాలో కొందరు ప్రభుత్వ అనుమతితో విషకప్పలను పెంచి అమ్ముతున్నారు. అడవి కప్పల జోలికి పోకుండా ఉంటారని వాళ్ళ ఆలోచన. మంచిదే. అయితే పెట్టెలో పుట్టిన కప్పకు విషం ఉండదని చెప్పుకున్నాం కదా! విషమున్న కప్ప కావాలంటే ఆ తిండి ఉండాలి, ఆ తిండికి అడవి ఉండాలి. 2012లో ప్రోఅవెస్ అనే కొలంబియా సంస్థ ఈ కప్ప కోసమే సుమారు 115 ఎకరాల అడవిని కాపుదలలోకి తెచ్చింది. కప్పను పట్టి దాచలేదు. చెట్టు, పుట్ట, పురుగు, కప్ప అన్నిటినీ ఉన్నచోటే ఉంచారు.