ఊపిరితిత్తుల చికిత్స తరువాత ఇంటివారు గమనించవలసినవి



కోవిల్‌పట్టిలోను, విరుదునగర్‌లోను తెలుగును ఇంటిభాషగా నిలుపుకొన్న కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. బ్రతుకుతెరువుకై ఇటీవల వచ్చి చేరినవారూ ఉన్నారు. ఆస్పత్రిలో వినిపించేది మాత్రం తమిళం. ఊపిరితిత్తులకు చికిత్స జరిగి ఇల్లు చేరిన రోగికి ఆపద తలెత్తితే ముందుగా గుర్తించవలసినదీ, వైద్యునికి తెలుపవలసినదీ ఇంటివారే.

ఛాతీలో చేరిన నీటిని సూదితో తీయించుకోవడం అరుదైన చికిత్స కాదు. భారతదేశంలో, ముఖ్యంగా చిన్న వయసువారిలో, ఆ నీటికి తరచు క్షయ కారణం. “నీరంతా తీయకుండా సగంలో ఆపేశారు” అని బంధువులు నొచ్చుకోవడం పరిపాటి. నిజానికి అది జాగ్రత్తే. చాలాకాలం అణగి ఉన్న ఊపిరితిత్తి ఒక్కసారిగా విప్పారితే దాని లోపలే నీరు ఊరే ప్రమాదముంది. అందువల్ల సాధారణంగా ఒక విడతలో లీటరున్నరకు మించి తీయరు. తీస్తుండగా దగ్గు తెరలుగాని, ఛాతీలో బిగువుగాని మొదలైతే రోగి మొహమాటపడక వెంటనే చెప్పాలి.

సూదితో నీరు తీసినా, బయాప్సీ చేసినా ఊపిరితిత్తికి సన్నని రంధ్రం పడవచ్చు. అప్పుడు గాలి బయటికి వచ్చి, చుట్టూ పేరుకొని, ఊపిరితిత్తినే నొక్కివేస్తుంది. ఇది కొన్ని గంటలకు, ఒక్కొక్కప్పుడు ఒకటి రెండు రోజులకు బయటపడుతుంది. ఒక పక్క హఠాత్తుగా పోటు, ఆయాసం, వాక్యం పూర్తిచేయలేకపోవడం, పెదవులు నీలిబారడం దీని గుర్తులు. పోటు అనగానే గ్యాస్ అనుకొని సోడా తాగించే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. చికిత్స జరిగిన ఆ రోజులలో అటువంటి ఊహకు తావివ్వక 108కి ఫోన్ చేయాలి.

ఛాతీలో గొట్టం ఉన్నవారి సీసా ఎల్లప్పుడూ ఛాతీకంటే దిగువన, నిలువుగా ఉండాలి. ఊపిరితోపాటు గొట్టంలోని నీరు ఎగసి దిగడం మంచి గుర్తు. బుడగలు చూసి బెదిరి గొట్టాన్ని మడచి కట్టడం మాత్రం ప్రాణాంతకం: బయటికి పోవలసిన గాలి లోపలే చిక్కి గుండెను సైతం ఒత్తివేయగలదు. గొట్టం ఊడివస్తే ఆ చోట శుభ్రమైన గుడ్డ అదిమి నర్సును పిలవాలి.

నోటిద్వారా గాని ముక్కుద్వారా గాని కెమెరా గొట్టం వేసి పరీక్షించిన రోజున, గొంతు తిమ్మిరి వదిలేదాకా, సుమారు రెండు గంటలు, మంచినీళ్లయినా ఇవ్వరాదు. కఫంలో నెత్తుటి చారలు, ఆ రాత్రి కొద్దిపాటి జ్వరం సహజమే. చెంచాల కొద్దీ నెత్తురు పడినా, మరునాటికీ జ్వరం తగ్గకున్నా ఆలస్యం తగదు.

ఇక ఊపిరితిత్తుల మార్పిడి. 1963లో అమెరికాలో జేమ్స్ హార్డీ చేసిన మొదటి మార్పిడి తరువాత రోగి 18 రోజులే జీవించాడు. నేడు చెన్నై వంటి నగరాలలో చేయించుకొని ఏళ్లతరబడి జీవిస్తున్నవారున్నారు. అయితే మార్పిడిలో నరాలు తెగుతాయి కనుక దగ్గు మందగిస్తుంది. రోగికి బాధ తెలియకముందే ఊదే పరికరంలో అంకె పడిపోవచ్చు. మామూలు అంకె 10 శాతం తగ్గినా, 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా అదే రోజు మార్పిడి చేసిన కేంద్రానికి తెలపాలి. శరీరం కొత్త అవయవాన్ని తిరస్కరిస్తున్నదో, ఇన్‌ఫెక్షన్ సోకిందో పైలక్షణాలను బట్టి తేలదు. మొదటిదానికి రోగనిరోధక శక్తిని మరింత అణచాలి; రెండవదానికి తరచు ఆ అణచివేతను సడలించాలి. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొనే మాత్ర ఇక్కడ పనికిరాదు. పంపరపనస పండు టాక్రోలిమస్ మోతాదును రక్తంలో పెంచుతుంది. నాటుమందులూ అడగకుండా వాడరాదు.

అత్యవసర వేళ ముందుగా దగ్గరి ఆస్పత్రికే చేరాలి. ఆక్సిజన్, ఎక్స్‌రే అక్కడే మొదలవుతాయి. కోవిల్‌పట్టిలో ప్రభుత్వాస్పత్రి ఉంది. విరుదునగర్‌లో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తున్నది. డిశ్చార్జి చీటీ చేత ఉండాలి. వాకిట్లోనే చెప్పవలసిన తమిళ మాటలు ఇవి: ఆయాసానికి “మూచ్చు తిణరల్”, ఛాతీ నొప్పికి “నెంజు వలి”, జ్వరానికి “కాయ్చల్”, నెత్తురుకు “రత్తం”. వాటితోపాటు ఏ చికిత్స, ఏ తేదీన జరిగిందో చెప్పాలి.